ప్రేమ్ బజారులో గోలీ సోడా

కొత్త ఊరికి వెళ్లినవారు సాధారణంగా అక్కడి గుడినో, కోటనో, నదినో చూచి వచ్చి నలుగురికీ చెబుతారు. మేము ఖరగ్‌పూర్ వెళ్లి ఒక సోడా మిషనును చూచి వచ్చాము. దాని గురించి వ్రాయవలసినంత విశేషమేమున్నదని పాఠక మిత్రులు అనుకోవచ్చు. కడవరకూ చదివిన పిదప ఆ నిర్ణయం మీకే విడిచిపెడుతున్నాము.

మన కర్మాగారంలోని ఉక్కు తయారీ, ఆక్సిజన్, విద్యుత్ విభాగాలకు చెందిన మేము నలుగురము ఒక ఏప్రిల్ మాసంలో రెండు వారాల శిక్షణ నిమిత్తం ఖరగ్‌పూర్ ఐఐటికి బయలుదేరాము. రాత్రి విశాఖపట్నంలో రైలెక్కి మరునాటి ఉదయం ఖరగ్‌పూర్‌లో దిగగానే మొదట మమ్ము ఆకట్టుకొన్నది అక్కడి ప్లాట్‌ఫారము. 1072 మీటర్ల పొడవున్న ఈ ప్లాట్‌ఫారము చాలాకాలం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరుపొందినది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దానిని మించిపోయాయి. పేరు పోయినా పొడవు తగ్గలేదు గనుక సామానుతో నడిచిన మా కాళ్లకు ఆ ఘనత బాగుగానే తెలిసివచ్చినది.

రెండవ విశేషం మా చెవులకు తెలిసినది. కూలీని పిలువబోయి మేము హిందీ మాటలు కూడబలుక్కొంటుండగా, "ఎక్కడికెళ్లాలి బాబూ?" అని తెలుగులో ప్రశ్న వచ్చినది. ఇందులో వింత లేదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, ఇరవయ్యవ శతాబ్ది ఆరంభానికి వాల్తేరు నుండి ఖరగ్‌పూర్ మీదుగా హౌరా వరకు పట్టాలు కలిపినది. 1904 ప్రాంతంలో ఇక్కడ పెద్ద వర్క్‌షాపు వెలసినది. ఆ పట్టాల వెంటనే ఉత్తరాంధ్ర నుండి వేలాది కుటుంబాలు కమ్మరులుగా, ఫిట్టర్లుగా, గ్యాంగు కూలీలుగా తరలివచ్చి స్థిరపడ్డాయి. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాషా హోదా కల్పించాలని నిర్ణయించడానికి మూలం ఈ కార్మిక కుటుంబాలే.

మేము బస చేసిన ఐఐటికి సైతం ఒక చరిత్ర ఉన్నది. స్వాతంత్ర్య పోరాటకాలంలో ఇది హిజ్లీ నిర్బంధ శిబిరము. 1931 సెప్టెంబరు 16న ఇక్కడి నిర్బంధితులపై పోలీసులు కాల్పులు జరుపగా సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త మరణించారు. ఆ కట్టడంలోనే 1951లో దేశపు తొలి ఐఐటి ప్రారంభమైనది. ఖైదుఖానా కళాశాలగా మారిన ఆ భవనం ముందు మేము కొంతసేపు మౌనంగా నిలబడ్డాము.

ఐఐటి ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్నదే ప్రేమ్ బజార్. సాయంకాలం పాఠాలు ముగియగానే మేము అటు నడిచేవారము. కూరగాయలు, చేపలు, టీ కొట్లు, జిరాక్సు దుకాణాలు, సైకిళ్లపై వచ్చిపోయే విద్యార్థులు, సంచులు పట్టుకొని బేరమాడే గృహిణులు. ఏ ఊరి బజారుకైనా ఉండే సందడే. మూడవ నాటి సాయంత్రం ఎండ తాపానికి గొంతు ఎండి ఒక చిన్న కొట్టు ముందు ఆగాము. అక్కడ వరుసగా గోలీ సోడా బుడ్లు! వాటి వెనుక పచ్చరంగు పాలిపోయిన చేతిచక్రపు మిషను. దాని ప్రక్కన డెబ్బయి దాటిన పెద్దాయన. లోపల ఒక స్త్రీ బుడ్లు కడుగుతూ, అరిగిన రబ్బరు వాషర్లు తీసి కొత్తవి వేస్తున్నది. మా మాటలు విని పెద్దాయన ముఖం విప్పారినది.

"సికాకుళం వైపువారా బాబూ? మా తాత అక్కడినుంచే వర్క్‌షాపు పనికి వచ్చినాడు. మాట మాత్రం సగం బెంగాలీలో కలిసిపోనాది" అన్నాడు.

బుడ్డిలోని గోలీ 'టప్పు'మని దిగిన చప్పుడుకు మా బాల్యాలు గుర్తుకువచ్చాయి. ఈ బుడ్డి వెనుక ఉన్న తెలివిని చాలామందిమి గమనించము. నీటిలోకి బొగ్గుపులుసు వాయువును ఒత్తిడితో ఎక్కించి బుడ్డిని తలక్రిందులు చేస్తే గోలీ మూతివద్దకు జారుతుంది. లోపలి వాయువే దానిని రబ్బరు ఉంగరానికి అదిమి మూత వేస్తుంది. ఆంగ్లేయుడైన హైరం కాడ్ 1870 దశకంలో ఈ పద్ధతికి పేటెంటు పొందాడు. మూత వేరుగా అక్కరలేదు. లోపలి శక్తియే కాపలా.

రోజూ వెళ్తూ ఉండగా పెద్దాయన మనసు తెలిసినది. మిషను ఆయన తండ్రి కొన్నది. కొడుకులిద్దరూ దూరాన ఉద్యోగాలలో ఉన్నారు. పాత ఇనుము వర్తకుడు ఒకడు మిషనుకు తూకం లెక్కన ధర చెప్పి పోయాడు. కొట్టు అద్దెకు అడిగేవారూ ఉన్నారు. "నా తరువాత చూసేవాడు లేడు బాబూ. వచ్చే దసరాలోగా ఇచ్చేస్తాను" అని ఆయన అంటూంటే, లోపల బుడ్లు కడుగుతున్న స్త్రీ తల ఎత్తలేదు. ఆమె ఆయన కుమార్తె. భర్త పోయిన తరువాత పుట్టింటనే ఉంటూ, లెక్కలు వ్రాసేదీ, గ్యాసు సిలిండరు తెప్పించేదీ, అవసరమైతే చక్రం తిప్పేదీ ఆమెయే. ఈ సంగతులన్నీ మేము చూచాము. చూచి కూడా గమనించలేదు.

మాలో ఆక్సిజన్ విభాగపు మిత్రుడు ఆ సాయంత్రం ఒక కథ చెప్పాడు. మద్యపానాన్ని ప్రోత్సహించుట మా ఉద్దేశము కాదని మనవి చేస్తూ దానిని ఇక్కడ పొందుపరుస్తున్నాము.

సోడా పుట్టినదే బీరు తయారుచేసే చోటున. 1767లో జోసెఫ్ ప్రీస్ట్లీ ఇంగ్లండులోని లీడ్స్ పట్టణంలో తన ఇంటి ప్రక్కనున్న బ్రూవరీలో, పులుస్తున్న తొట్టెపై తేలే వాయువు నీటిలో కరుగుతుందని కనుగొన్నాడు. 1783లో జర్మనీలో పుట్టిన జేకబ్ ష్వెప్ జెనీవా నగరంలో దానిని వ్యాపారంగా మార్చాడు. ఇక జర్మనీలోని మ్యూనిక్‌లో 'స్పాటెన్' అనే బ్రూవరీ ఉన్నది. స్పాటెన్ అనగా పార. 1807లో గాబ్రియేల్ సెడ్ల్‌మయర్ అనునతడు చిన్నస్థాయిలో నడుస్తున్న దానిని కొన్నాడు. ఆయన కుమారుడు, మరొక గాబ్రియేల్, 1833లో ఇంగ్లండు వెళ్లి అక్కడి పద్ధతులు పరిశీలించి వచ్చాడు. పరీక్షకు కావలసిన ద్రవాన్ని లోపల బోలుగా ఉన్న చేతికర్రలో దాచి తెచ్చేవాడట! 1839లో తండ్రి మరణానంతరం కుమారులు బాధ్యత స్వీకరించి దానిని మ్యూనిక్‌లో అగ్రశ్రేణి సంస్థగా పెంచారు.

బవేరియా బీరు చల్లని నేలమాళిగలలో నెమ్మదిగా పక్వం కావలెను. అందుకై శీతకాలంలో చెరువుల మంచును కోసి నిల్వచేసేవారు. చలి తగ్గిన ఏట మంచు కరువు, మంచు లేక పని కరువు. కార్ల్ వాన్ లిండె అనే ఆచార్యుడు యంత్రంతో చలిని పుట్టించవచ్చునని వ్యాసం వ్రాయగా, ఆ కాగితంపై నమ్మకముంచి 1873లో తొలి యంత్రాన్ని పరీక్షించుటకు తన బ్రూవరీలో చోటిచ్చినవాడు ఆ సెడ్ల్‌మయరే. లిండె అక్కడ ఆగక 1895లో గాలిని ద్రవంగా మార్చాడు, 1902లో ఆ ద్రవం నుండి ఆక్సిజన్‌ను వేరుచేశాడు. ఆ ఆక్సిజన్‌నే మనము ఈనాడు ఎల్.డి. కన్వర్టర్లలో ఊది ఇనుమును ఉక్కుగా మారుస్తున్నాము. "ఒక కుటుంబం నమ్మి చోటివ్వకపోయినట్లయితే మన జీతాల దారి ఎటు ఉండేదో!" అని మా మిత్రుడు నవ్వాడు.

"ఆ కుటుంబం ఇప్పుడూ నడుపుతున్నదా?" అని పెద్దాయన అడిగాడు.

లేదని చెప్పవలసి వచ్చినది. 2003లో బెల్జియం దేశపు ఒక పెద్ద సంస్థతో అమ్మకం ఒప్పందం కుదిరినది. పేరు మిగిలినది, ఇల్లు మారినది. అందరూ అమ్మలేదని మా మిత్రుడు వెంటనే జోడించాడు. వార్‌స్టైనర్ బ్రూవరీ 1753 నుండి క్రామెర్ కుటుంబానిదే. 2012లో తండ్రి మరణించగా తొమ్మిదవ తరానికి చెందిన కుమార్తె కాథరీనా క్రామెర్ పగ్గాలు స్వీకరించినది.

"ఆడపిల్లా?" అన్నాడు పెద్దాయన. అప్పుడు, మేము చూచినంతలో మొదటిసారిగా, లోపలి స్త్రీ చేతిలోని బుడ్డి ప్రక్కన పెట్టి మావైపు చూచినది. ఎవ్వరమూ ఏమీ అనలేదు.

మాట మార్చుటకై మన ఆర్టోస్ సంగతి చెప్పాము. గోదావరి డెల్టాలోని రామచంద్రపురంలో అద్దూరి రామచంద్రరాజు 1919లో ప్రారంభించిన పానీయాల సంస్థ అది. గోలీ సోడాలతో మొదలై 1955లో ఆర్టోస్ అనే పేరు ధరించినది. 1977లో కోకాకోలా మనదేశం విడిచిపోయినది. 1993లో తిరిగి వచ్చి థమ్సప్, లిమ్కా, గోల్డ్‌స్పాట్ వంటి దేశీయ పేర్లను కొనివేసినది. ఆ తాకిడికి ఊరూరా ఉన్న స్థానిక పానీయాలెన్నో కనుమరుగైనవి. ఆర్టోస్ మాత్రం అదే కుటుంబం చేతులలో 2019లో నూరేళ్లు పూర్తిచేసుకొన్నది. దేశమంతా పరుగులిడక గోదావరి జిల్లాల నాలుకను పట్టుకొని నిలిచినది.

"ఈసారి వచ్చేటప్పుడు ఒక సీసా తెండి బాబూ. ఎలాగుంటాదో చూస్తాను" అన్నాడు పెద్దాయన.

మాట ఇచ్చాము. ఇచ్చిన మాటలలో సగం రైలెక్కగానే మరచిపోవుట మానవ సహజం. అయితే ఆ సంక్రాంతి సెలవులకు కుటుంబాలతో గోదావరి సీమకు వెళ్లినప్పుడు ద్రాక్షారామంలో భీమేశ్వరస్వామి దర్శనం చేసుకొని, సమీపంలోని రామచంద్రపురంలో ఆగాము. ఒక కిళ్లీకొట్టు ముందు నిలబడి పిల్లలు ఆర్టోస్ త్రాగుతూ మూతికి అంటిన రంగు చూచి ఒకరినొకరు గేలిచేసుకొన్నారు. కొట్టు యజమాని, "బంధువులు హైదరాబాదు తిరిగి వెళ్తూ పెట్టెలో పట్టుకెళ్తారండి" అని గర్వంగా చెప్పాడు. మేము నాలుగు సీసాలు బట్టల నడుమ చుట్టి తెచ్చుకొన్నాము.

మరుసటి మార్చిలో శిక్షణ రెండవ భాగానికి మాలో ఇద్దరికి పిలుపు వచ్చినది. రామచంద్రపురం సీసాలతో ఖరగ్‌పూర్ చేరిన నాటి సాయంత్రమే ప్రేమ్ బజారుకు నడిచాము. దారిలో మా ఇద్దరిదీ ఒకటే భయం. దసరా గడచి అయిదు నెలలైనది. కొట్టు ఉన్నదో లేదో! మలుపు తిరుగగానే ముందు చక్రం తిరుగుతున్న చప్పుడు వినిపించినది.

మిషను వద్ద కుమార్తె నిలబడి ఉన్నది. పెద్దాయన లోపల పీటమీద కూర్చుండి వాషర్లు ఏరుతున్నాడు. కొట్టు ముందు భాగంలో కొత్తగా నిమ్మకాయలు, జీలకర్ర, నల్లుప్పు సీసాలు కనబడ్డాయి. విద్యార్థులు మసాలా సోడా కోసం మూగి ఉన్నారు. ఇనుము వర్తకుడు వచ్చిన నాడు తూకం వేయించకుండా అడ్డుపడినది ఆమెయేనని, "నాన్నా, చూసేవాడు లేడన్నావు గాని, చూసేది ఉందా అని అడగలేదు" అన్నదని పెద్దాయనే మాకు చెప్పాడు. చెబుతూ తల దించుకొన్నాడు. మేమూ దించుకొన్నాము. ఏడాది క్రితం రెండు వారాలపాటు ఆ గుమ్మం ముందు నిలబడి వారసుల గురించి, జర్మనీ గురించి ఉపన్యాసాలిచ్చిన మాకు సైతం ఎదుటనున్న మనిషి కనబడలేదు గదా!

ఆర్టోస్ సీసా విప్పి ముగ్గురికీ పోసి ఇచ్చినది ఆమెయే. పెద్దాయన గుటక వేసి కళ్లు మూసుకొని, "గ్యాసు దిట్టంగా ఉన్నాది. తీపి ఒక్క పిసరు ఎక్కువ" అని తీర్పు చెప్పాడు. ఆమె తన గ్లాసులోనిది నెమ్మదిగా త్రాగి, సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకొని, అట్టమీది అక్షరాలను కూడబలుక్కొంటూ చదివినది. "నూరేళ్లా!" అన్నది. పిమ్మట విద్యార్థి ఎవరో పిలువగా సీసాను బల్లమీద పెట్టి చక్రం వద్దకు వెళ్లిపోయినది.

సంస్థలు పెద్దవి కావచ్చు, చిన్నవి కావచ్చు. అవి నిలుచుటకు యంత్రమొక్కటే చాలదు. దానిని రోజూ కనిపెట్టుకొని ఉండే చెయ్యి కావలెను. ఆ చెయ్యి మన ఇళ్లలో, మన విభాగాలలో, మన ప్రక్క బల్లల వద్ద ఇప్పటికే పనిచేస్తూ ఉండవచ్చును. ఖరగ్‌పూర్ వెళ్లే మిత్రులు సాయంత్రం వేళ ప్రేమ్ బజారు వైపు నడిస్తే ఆ కొట్టు వద్ద ఒక సోడా త్రాగి రావలసినదిగా కోరుచున్నాము. ఖాళీ ఆర్టోస్ సీసా ఒకటి అలమరలో దేవుడి పటం ప్రక్కన కనబడితే, అది ఎలా వచ్చినదో మీకు తెలుసు.