నా చేతుల సంగతి

ఉగాదినాడు మన సంఘంలో పచ్చడి పంచే పని ఏళ్ళతరబడి నాది. నాలుగేళ్ళ క్రితం ఒక పెద్దాయన నా చేతిలోని గరిటె మెల్లిగా తీసుకుని, "నువ్వు కూర్చోవోయ్, కుర్రాళ్ళు వడ్డిస్తారు" అన్నారు. మాటలో తప్పేమీ లేదు. చూపు మాత్రం నా వేళ్ళమీద ఉంది. ఆ తరువాత రెండు ఉగాదులకు నేను సంఘం గడప తొక్కలేదు.

నా చేతులు అలాగే ఉండేవి మరి. మొదట వేళ్ళ ప్రక్కల సగ్గుబియ్యపు గింజల్లాంటి నీటి పొక్కులు లేచేవి. మదురై ఎండల్లో చెమట పట్టిందంటే మరీ ఎక్కువ. రాత్రిళ్ళు దురదతో నిద్ర ఉండేది కాదు. పొక్కులు ఎండి, పొలుసులు ఊడి, అరచేయి నెర్రెలు విచ్చిన చెరువులా అయ్యేది. పాదాలదీ అదే వరస.

మా అమ్మ దాన్ని కరపాణి అన్నది. ఇరుగుపొరుగు అరవవారు కరప్పాన్ అన్నారు. అరవంలో బొద్దింకకూ ఆ పేరే! వంకాయ మానమని ఉభయ భాషలవారూ ఏకగ్రీవంగా తీర్మానించారు. మానాను. వంకాయ నాకు దూరమయిందే గాని దురద దూరం కాలేదు.

వేపాకు మరిగించిన వేడినీళ్ళలో చేతులు ముంచాను. ఇంకా మండాయి. మందుల షాపులో అడిగి ఒక ట్యూబు తెచ్చాను. రాసిన వారం చేతులు అద్దంలా ఉండేవి; మానగానే జబ్బు రెట్టింపు. అందులో స్టీరాయిడు ఉందని తరువాత తెలిసింది. అటువంటి లేపనాలను డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదని 2018లో ప్రభుత్వం నియమం చేసింది. కాని అడిగే నోరు నావంటిదైతే ఇచ్చే చేయి ఉండనే ఉంటుంది.

చివరకు చర్మవైద్యుని దగ్గరకు వెళ్ళాను. చర్మం కాస్త గీకి పరీక్ష చేయించి, తామర కాదన్నారు. ఆ పైన నా ఉద్యోగం అడిగారు. గుమాస్తానన్నాను. "కాగితాలు ఎలా తిప్పుతారు?" అన్నారు. వేలికి రబ్బరు తొడుగు వేసుకుని! కాళ్ళకేమో ఇరవై ఏళ్ళుగా రబ్బరు చెప్పులు. నా వీపుమీద చిన్న చిన్న మందు పట్టీలు అంటించి, తడపవద్దన్నారు. రెండు రోజులకు విప్పి చూశారు, మరి రెండు రోజులకు మళ్ళీ చూశారు. రబ్బరులో కలిపే రసాయనాలు అంటించిన చోట చర్మం ఎర్రగా కంది పొక్కింది.

"ఇది ఎగ్జిమా. అంటువ్యాధి కాదు. ఒకరినుంచి ఒకరికి రాదు" అన్నారు. మందుల సంగతి ఒక్కసారి విన్నాను. ఆ మాట మాత్రం రెండోసారి చెప్పించుకున్నాను.

ఇది ఒక్కమారుగా పోయే జబ్బు కాదట, అదుపులో పెట్టుకోవలసినది. ఇప్పుడు కాగితాలు వట్టి వేలితోనే నిదానంగా తిప్పుతున్నాను, ఆఫీసేమీ మునిగిపోలేదు. కాళ్ళకు రబ్బరు కలవని ప్లాస్టిక్ చెప్పులు. గోరువెచ్చని నీళ్ళు, తక్కువ సబ్బు. చేతులు కడిగినప్పుడల్లా తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని వాజిలీను. పడుకునేముందు మళ్ళీ పట్టించి, పైన నూలు తొడుగులు, నూలు మేజోళ్ళు. గిన్నెలు తోమవలసివస్తే లోపల నూలు తొడుగు, పైన ప్లాస్టిక్ తొడుగు. పొక్కులు లేచినప్పుడు మాత్రం డాక్టరు రాసిన లేపనం, ఆయన చెప్పినన్ని రోజులే. చూపుడువేలి చివరి కణుపు పొడవున పిండితే రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది.

నిరుడు ఉగాదికి వెళ్ళి, అడగకుండానే గరిటె పట్టుకున్నాను. చేతులు పూర్తిగా నయం కాలేదు. రెండు వేళ్ళమీద పొలుసులు ఉన్నాయి. వరసలో ఆ పెద్దాయన వచ్చారు. నా గుండె దడదడలాడింది.

"బాబాయిగారూ, ఇది అంటుకునేది కాదు. డాక్టరుగారు చెప్పారు" అన్నాను.

ఆయన ఒక క్షణం నా చేతులు చూశారు. తరువాత తన అరచేయి చాపారు.

"వెయ్యవోయ్. వేపపువ్వు కాస్త ఎక్కువ పడనీ."