లింబాయత్ నుంచి సిరిసిల్లకు ఒక కాల్

సెల్‌ఫోన్ ఎన్ని వేషాలు వేసినా అసలు రూపం రేడియోనే. పాటలు వినిపించే పాత రేడియోకు అందుకోవడం ఒక్కటే తెలుసు. ఇది అందుకుంటూనే పంపుతుంది కూడా. సూరత్‌లోని లింబాయత్‌లో, ఓ రిపేరు దుకాణం బల్లమీద వెనక మూత ఊడదీసి పెట్టిన ఫోన్‌లో ఆ రేడియో ఏదో కొత్తవాళ్ల కంటికి ఆనదు. కనిపించేదాంట్లో చాలా భాగం బ్యాటరీ. మిగిలిన చోట చిన్న బోర్డు, దానిమీద వెండిరంగు రేకు మూతలు. ఆ మూతల కింద గోరంత చిప్పుల్లో ఒకటి లెక్కలు చేసేది, ఒకటి రేడియో పని చూసేది, ఇంకొకటి కరెంటు పంచేది. రిపేరు చేసేవాళ్ల మాటల్లో అవి సీపీయూ, నెట్‌వర్క్ ఐసీ, పవర్ ఐసీ. యాంటెనా అంటూ పైకి పొడుచుకొచ్చినదేదీ లేదు. అంచున చట్రానికి అంటిపెట్టుకుని ఉన్న పల్చటి లోహపు గీతలే ఆ పని చేస్తాయి.

లింబాయత్‌లో తెలుగు వినడానికి చెవి రిక్కించనక్కర్లేదు. తెలంగాణ నేత ఊళ్ల నుంచి వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. ఆ ఊళ్లలో ఒకటైన సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. గుజరాతీలో సంచో అంటే యంత్రం. కాబట్టి మగ్గం దగ్గర భాషకు పెద్ద ఇబ్బంది లేదు. ఫోన్లకు మాత్రం ఉంది. నూలు నూగు, మగ్గం నూనె కలిసి ముద్దై చార్జింగ్ జాక్‌లోకీ మైక్ రంధ్రంలోకీ దూరుతుంది. బల్లమీది ఫోన్ జబ్బు కూడా అదే: అవతలివాళ్ల మాట వినిపిస్తుంది, ఇవతలి మాట పోదు.

రిపేరు ఒక వరసలో సాగుతుంది. ముందు బ్యాటరీ తప్పించి, బోర్డుకు డీసీ సప్లై నుంచి 4 వోల్టుల దగ్గర కరెంటు ఇస్తారు. పవర్ బటన్ నొక్కకముందే సప్లై మీటరు ముల్లు కదిలిందంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. నొక్కాక కొద్దికొద్దిగా ఎక్కుతూ దిగుతూ ఉంటే బోర్డు బతికే ఉంది. డాక్టరు నాడి పట్టినట్టే ఉంటుంది ఈ పరీక్ష. ఈ ఫోన్‌కు నాడి బాగానే ఆడింది. మెత్తటి బ్రష్‌తో జాలీ తుడిచి, "మైక్ సందుల నూగు జొచ్చిందన్నా, బోర్డు మంచిగనే ఉంది" అన్నాడు బల్ల దగ్గరి కుర్రాడు. పుట్టి పెరిగింది సూరత్‌లోనే అయినా, ఇంటి యాస పోలేదు.

ఆ మైక్ చేసే పని నుంచే కాల్ మొదలవుతుంది. గొంతు గాలిని కదిపితే మైక్‌లోని సన్నని పొర కదిలి, ఆ కదలిక విద్యుత్తుగా మారుతుంది. ఫోన్ దాన్ని సెకనుకు వేలసార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. పాత పద్ధతిలో 8,000 సార్లు, 4జీ వాయిస్ కాల్‌లో సాధారణంగా 16,000 సార్లు. అందుకే ఈ మధ్య కాల్స్‌లో గొంతు ఎదురుగా ఉన్నట్టు వినిపిస్తోంది. ఈ అంకెలన్నీ ఉన్నవి ఉన్నట్టు పంపితే రేడియో దారి ఇరుకైపోతుంది. కనుక ఫోన్ మాటను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు గొంతు ఏ శ్రుతిలో ఉంది, నోరు ఏ ఆకారంలో ఉంది అన్న వివరం లాంటిది మాత్రమే రాసి పంపుతుంది. ల్యాండ్‌లైన్‌లో ఒక గొంతుకు సెకనుకు 64 వేల బిట్లు పడితే, తొలినాటి 2జీ పద్ధతి జీఎస్ఎం 13 వేలతో సరిపెట్టుకుంది. అవతలి ఫోన్ ఆ వివరం చదివి గొంతును మళ్లీ తయారు చేస్తుంది. కచ్చితంగా చెప్పాలంటే, వినిపించేది అమ్మ గొంతు కాదు. అమ్మ గొంతు గురించి వచ్చిన వర్ణనను చూసి ఫోన్ పలికేది.

ఈ ఏర్పాటు మనిషి గొంతును దృష్టిలో పెట్టుకుని చేసింది. మరమగ్గాల షెడ్డులో చప్పుడు 90 డెసిబెల్స్ దాటుతుంది. అక్కడ చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప మాట వినిపించదు. ఆ దడదడ గొంతు లెక్కలో ఇమడదు కనుక అవతల గరగరగా తేలుతుంది. దీనికి విరుగుడుగా చాలా ఫోన్లలో రెండో మైక్ పైభాగాన ఉంటుంది. నోటికి దగ్గరి మైక్‌లో మాట ఎక్కువ, పైదాంట్లో చప్పుడు ఎక్కువ. రెంటినీ పోల్చి చప్పుడును తీసివేస్తుంది ఫోన్. ఈ రెండో రంధ్రంలో నూగు నిండినా మాట పాడవుతుంది. అది మైక్ అని తెలియక స్టిక్కరు అంటించేవాళ్లూ ఉన్నారు.

మాట సిద్ధమైనా పంపే హక్కు కావాలి. అది సిమ్‌ది. సిమ్‌లో ఉండేది ఫోన్ నంబరు అనుకుంటారు గానీ, అసలు ఉండేది 15 అంకెల మరో గుర్తింపు. భారతదేశపు సిమ్‌లలో అది 404తో గానీ 405తో గానీ మొదలవుతుంది. దానితోపాటు బయటకు ఎన్నడూ రాని రహస్య సంఖ్య ఒకటి ఉంటుంది. నెట్‌వర్క్ ఒక చిక్కు ప్రశ్న లాంటి సంఖ్యను పంపితే, సిమ్ ఆ రహస్యంతో లెక్క కట్టి జవాబిస్తుంది. జవాబు కుదిరితేనే లోపలికి ప్రవేశం. అందరూ పంచుకునే పది అంకెల నంబరు కంపెనీ రిజిస్టరులో ఆ గుర్తింపు ఎదుట రాసి ఉంటుంది. సిమ్ పోయినా పాత నంబరే కొత్త సిమ్‌లో రావడం ఇందువల్లే. ఫోన్‌కు వేరే గుర్తింపు ఉంది: *#06# నొక్కితే కనిపించే ఐఎంఈఐ.

దుకాణం నుంచి నాలుగు అడుగులు వేసి తలెత్తితే ఒక మేడమీద టవర్. మూడు దిక్కులకు తిరిగిన పొడవాటి పలకలు దాని యాంటెనాలు. ఒక్కోదానికి 120 డిగ్రీల మేర అప్పగించారు. డోలు ఆకారంలో గుండ్రంగా ఉన్నది జనంతో మాట్లాడదు, దూరంగా ఉన్న మరో టవర్‌తో మాట్లాడుతుంది. ఊరిని చిన్న చిన్న గదులుగా విడదీసి, ఒకే తరంగాన్ని ఎడంగా ఉన్న గదుల్లో మళ్లీ మళ్లీ వాడుకోవచ్చన్న ఆలోచన 1947లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. ఆ గదే సెల్. పొలాల మధ్య జీఎస్ఎం సెల్ 35 కిలోమీటర్ల దాకా సాగగలదు. లింబాయత్ లాంటి కిక్కిరిసిన చోట కొన్ని వందల మీటర్లకే ఇంకో సెల్ కావాలి. చాలనిది దూరం కాదు, చోటు.

టవర్ అంటే భయపడేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. 2012 సెప్టెంబరు 1 నుంచి మన దేశంలో టవర్ల వికిరణ పరిమితి అంతర్జాతీయ మార్గదర్శకాల్లో పదోవంతు. తమాషా ఏమంటే, టవర్ దూరమయ్యేకొద్దీ చెవి దగ్గరి ఫోన్ గొంతు పెంచాల్సి వస్తుంది. 2జీ ఫోన్ గరిష్ఠంగా 2 వాట్ల దాకా, 4జీ ఫోన్ సాధారణంగా ఒక వాట్‌లో ఐదోవంతు దాకా వెళతాయి. టవర్ దగ్గరుంటే అందులో అణుమాత్రంతో పని గడుస్తుంది, బ్యాటరీ కూడా నిలుస్తుంది. టవర్‌ను వీధిలోంచి తరిమేస్తే తగ్గే వికిరణం కన్నా చెవి దగ్గర పెరిగేదే లెక్కలోకి తీసుకోదగ్గది.

వరంగల్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సూరత్‌లో దిగే నేతకార్మికుడి జేబులోని ఫోన్ దారిపొడవునా ఎన్నో సెల్‌లు మారుతుంది. మాట్లాడుతూ ఉంటే, ఒక టవర్ బలహీనపడకముందే నెట్‌వర్క్ ఇంకోదానికి అప్పగిస్తుంది. ఊరికే ఉంటే, కొన్ని సెల్‌ల గుంపు దాటినప్పుడల్లా "ఇప్పుడు ఇక్కడున్నాను" అని ఫోనే హాజరు వేసుకుంటుంది. తెలంగాణ కూడా కలిసిన ఆంధ్రప్రదేశ్ టెలికాం సర్కిల్ సిమ్ మహారాష్ట్ర మీదుగా గుజరాత్ సర్కిల్‌కు చేరగానే ఆ కబురు సొంత రిజిస్టరుకు వెళుతుంది. సిరిసిల్ల నుంచి తల్లి ఫోన్ చేస్తే ముందు ఆ రిజిస్టరు చూస్తారు, తర్వాత లింబాయత్ పరిసరాల టవర్లన్నీ ఆ ఒక్క గుర్తింపును కేక వేస్తాయి. పలికిన ఫోన్ మోగుతుంది.

సిరిసిల్లకు సూటిగా గీత గీస్తే సుమారు 700 కిలోమీటర్లు. ఇందులో మాట గాలిలో ప్రయాణించేది రెండు చివర్లా ఉన్న కొద్ది దూరమే. మిగతాది టవర్ నుంచి కంపెనీ స్విచ్‌కు, అక్కడి నుంచి నగరం నుంచి నగరానికి, ఎక్కువగా భూమిలో పాతిన గాజుపోగు వెంట. వైర్‌లెస్ అన్న పేరు ఈ రకంగా కాస్త అతిశయోక్తి. పోగులో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక ఆ 700 కిలోమీటర్లకు మూడున్నర మిల్లీసెకన్లు చాలు. మాటను ముక్కలు కోసి కట్టడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది.

ఇదే దూరం ఒకప్పుడు ఎంతో ఖరీదు. ఆపరేటర్ అక్కర్లేని ఎస్టీడీ మన దేశంలో 1960లో కాన్పూర్-లక్నోల మధ్య మొదలైంది. 1984లో పెట్టిన సీ-డాట్ సంస్థ తయారుచేసిన దేశీయ ఎక్స్ఛేంజీలు, ఆ తర్వాత వచ్చిన పసుపు పీసీవో బూత్‌లు వలసకూలీకి ఫోన్ అందించాయి. రాత్రి పొద్దుపోయాక రేటు పావువంతుకు దిగేది. బూత్‌ల ముందు వరస అప్పుడే పెరిగేది. 1995 జులై 31న కలకత్తా నుంచి అప్పటి పశ్చిమబెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలోని కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో దేశంలో తొలి మొబైల్ కాల్ మాట్లాడారు. 2003 దాకా వచ్చిన కాల్‌కూ డబ్బు కట్టాల్సిందే. ఊరి సిమ్‌ను సూరత్‌లో వాడితే రోమింగ్ మోత అదనం. 2015 జూన్ 15న బీఎస్ఎన్ఎల్ రోమింగ్‌లో ఇన్‌కమింగ్‌ను ఉచితం చేసింది. అదే ఏడాది జులై 3 నుంచి సర్కిల్ మారినా నంబరు అట్టిపెట్టుకునే వీలొచ్చింది. వలసవెళ్లినవాళ్లకు 4జీ కన్నా ఈ రెండు మార్పులే పెద్దవి.

మూత బిగించిన ఫోన్ వెలిగింది. కాసేపు అత్యవసర కాల్స్ మాత్రమే అని చూపి, సిమ్ జవాబు కుదిరాక నెట్‌వర్క్ పేరు, గీతలు చూపింది. మంచి సిగ్నల్‌కూ కొన ఊపిరి సిగ్నల్‌కూ మధ్య తేడా 10 వేల రెట్లు ఉండొచ్చు. గీతల్లో అది మూడో నాలుగో. తీసుకెళ్లడానికి వచ్చిన మగ్గం పనివాడు మాట పరీక్షించాక ఇంకో కోరిక కోరాడు. షెడ్డులో రింగు వినపడదు. ఒరిగిన బరువును తిప్పి ఫోన్‌ను వణికించే వైబ్రేటర్, నేలే వణికే చోట జేబులో తెలియదు. కుర్రాడు సెట్టింగుల్లోకి వెళ్లి, కాల్ వస్తే కెమెరా ఫ్లాష్ మిణుకుమనేలా మార్చి చేతికిచ్చాడు.