వెనుక చక్రం దగ్గరి చప్పుడు

మేడ్చల్ దాటిన తరువాత వచ్చే రావల్కోల్‌లో మాకు కొద్దిపాటి పొలమున్నది. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ద్రాక్షతోటలు విస్తారంగా ఉండేవి. ఇప్పుడు ఇళ్ళ స్థలాల రాళ్ళే ఎక్కువ. అయినా పొలం దారి మాత్రం ఇంకా మట్టిదారే. అందుకే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే మా పాత జీపును వదులుకోలేదు.

2023 జూలైలో కురిసిన భారీ వర్షాలు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ రోజుల్లో మా దారిలో వెనుక ఇరుసు మునిగేంత నీరు నిలిచింది. మూడుసార్లు ఆ నీళ్ళలోనుండే బండి నడిపాను. దిగబడకుండా దాటినందుకు గర్వపడ్డాను కూడా.

కొన్ని వారాలకు బండి వెనుకనుండి ఒక చప్పుడు మొదలైంది. ఇసుర్రాయిలో గులకరాళ్ళు పడినట్టు గరగరమని! ముందు విన్నది నా భార్యే. "ఏమండీ, వెనుక ఏదో అరుగుతున్నట్టుంది, చూపించరాదా?" అన్నది. "పాత బండి కదా, ముసలివాళ్ళు మూలగరా?" అని నవ్వేశాను. కాని ఆ సోమవారం మా అత్తగారిని, పిల్లలను ఎక్కించుకొని పెళ్ళికి కామారెడ్డి వెళ్ళవలసి ఉంది. శనివారంనాటికి ఆ చప్పుడు నాకే భయం పుట్టించింది.

మేడ్చల్‌లో మాకు అలవాటైన మెకానిక్కు ఒక యువకుడు. నెల క్రితమే అతడు వెనుక బ్రేకులకు కొత్త లైనర్లు వేశాడు. ఇక నాకు విచారణ అక్కరలేకపోయింది. బండి దిగుతూనే నలుగురిముందు, "డబ్బు తీసుకొని చేసిన పని ఇదేనా?" అని గద్దించాను. అతని ముఖం చిన్నబోయింది. అయినా ఎదురు చెప్పలేదు.

"సార్, జర ఆగుండ్రి. ముందుగాల సప్పుడు ఇందాం. ఇప్పక ముందు ఇనాలె" అన్నాడు.

ఇద్దరం ఖాళీ రోడ్డుమీదికి వెళ్ళాము. ముప్పై కిలోమీటర్ల వేగంలో గేరు న్యూట్రల్ చేయించాడు. ఇంజను శబ్దం తగ్గినా గరగర ఆగలేదు. అంటే లోపం ఇంజనులో లేదు, తిరిగే చక్రాల వైపే ఉంది. తరువాత ఎక్సిలేటరు తొక్కించి, వదిలించాడు. క్రౌను పినియను పళ్ళు అరిగితే బలం పడినప్పుడొక రకంగా, వదిలినప్పుడొక రకంగా వినిపిస్తుందట. మాకు తేడా రాలేదు. బ్రేకు మెల్లగా అదిమించాడు. లైనరు అరిగి ఇనుము డ్రమ్ముకు రాసుకుంటుంటే చప్పుడు మారాలి. అదీ మారలేదు! నా నేరారోపణ అక్కడే సగం కూలిపోయింది.

చివరగా ఎడమకు తిప్పమన్నాడు. చప్పుడు పెరిగింది. కుడికి తిప్పితే తగ్గింది. ఎడమకు తిరిగేటప్పుడు బండి బరువు కుడి చక్రంమీద పడుతుంది. "కుడి దిక్కు బేరింగు సార్" అన్నాడు.

షాపుకు వచ్చాక ముందు చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, వెనుక జాకీతో ఎత్తి, ఇరుసు కింద స్టాండు నిలిపాడు. చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టి ఊపితే కదలిక తెలిసింది. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇరుసు చివర ఆనించి, పిడిని నా చెవికి పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పాడు. ఇసుర్రాయి నా చెవిలోనే తిరిగింది.

విప్పి చూస్తే బేరింగుకు తుప్పు పట్టి, గుంటలు పడ్డాయి. హౌసింగులోని ఆయిలు పాలు కలిపిన టీలాగా ఉంది. "నీళ్ళల్ల నడిపిన్రా సార్?" అని అడిగాడు. అతడు వివరించేదాకా నాకు తెలియదు: నడిచి వేడెక్కిన ఇరుసు చల్లని నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకొని, పాతబడిన సీళ్ళ సందుల్లోంచి నీటిని లోనికి లాగుతుందట. నీళ్ళలో నడిపిన తరువాత ఆయిలు చూసుకోవాలి, తెల్లబడితే మార్చాలి. ఆ పని నాది. నేను చేయలేదు.

"ఇట్లనే పోతె ఏమైతుండె?" అని అడిగాను. బేరింగు పూర్తిగా చితికితే చక్రం బిగుసుకుపోవచ్చు, ఇరుసుతో సహా బయటికి జారిపోవచ్చు అన్నాడు. జాతీయ రహదారిమీద, లారీల మధ్య, వెనుక సీటులో పిల్లలు! నా నోట మాట రాలేదు.

బేరింగు, సీళ్ళు, ఆయిలు మార్చి బండి అప్పగించేసరికి చీకటి పడింది. పొద్దున చూసినవారిలో ఇద్దరు ఇంకా అక్కడే ఉన్నారు. వారు వినేటట్టుగానే చెప్పాను: "తప్పు నాది బాబూ, నీ పనిలో ఏ లోపమూ లేదు. పొద్దున అన్నమాటకు క్షమించు." అతడు సిగ్గుపడి, "గట్లనకుండ్రి సార్, మల్ల వానల్ల నడిపితె ఆయిలు చూపియ్యుండ్రి" అని మాత్రం అన్నాడు.

సోమవారం కామారెడ్డి క్షేమంగా వెళ్ళివచ్చాము. దారిలో నా భార్య, "చప్పుడు పోయిందండీ" అన్నది. ముందుగా విన్నది తానేనని మాత్రం ఎత్తిపొడవలేదు. నేనే ఒప్పుకున్నాను.