రెండు నిమిషాల డ్యూటీ

"ఒరేయ్, రాజమండ్రి వంతెనంత దూరానికి విమానమేంట్రా? పడవల్లేవా అక్కడ?"

నా ఉద్యోగం సంగతి చెప్పగానే అమ్మ అడిగిన మాట ఇది. కొవ్వూరు మనిషి కదా, కొలత సరిగ్గానే పట్టింది. స్కాట్లాండ్‌కు ఉత్తరాన, ఆర్క్నీ దీవుల్లో వెస్ట్రే విమానాశ్రయం నుంచి పాపా వెస్ట్రేకు 2.7 కిలోమీటర్లు. గోదావరి మీది ఆర్చి రైలు వంతెన పొడవూ ఇంచుమించు అంతే. 1967 నుంచి నడుస్తున్న ఈ సర్వీసుకు ప్రపంచంలోకెల్లా అతి చిన్న షెడ్యూల్డ్ విమాన ప్రయాణమని పేరు.

పడవ ఉందమ్మా, అరగంట దాకా పడుతుంది అన్నాను. మాకు టైంటేబుల్లో రెండు నిమిషాలు.

మేం నడిపేది ఐలాండర్ అనే రెండు ఇంజన్ల బుల్లి విమానం. గంటకు 240 కిలోమీటర్ల వేగం అనుకుంటే, కాగితం మీద 40 సెకన్లు చాలు. కానీ ఆ వేగం అందుకునేసరికే దిగాల్సిన రన్‌వే కళ్ళ ముందుకొచ్చేస్తుంది. కొన్ని వందల అడుగులు ఎక్కామో లేదో పవర్ తగ్గించి, ఫ్లాప్స్ దించాలి. అసలు టైము తేల్చేది దూరం కాదు, గాలి. కలిసొచ్చిందా, తిన్నగా లేచి తిన్నగా దిగుతాం; నిమిషంలోపే పని అయిపోతుంది. స్టువర్ట్ లింక్లేటర్ అనే పైలట్ 53 సెకన్లలో దించాడు, రికార్డు ఆయనదే. గాలి అడ్డం తిరిగితే మాత్రం ఒక దిక్కుకు లేచి, చుట్టు తిరిగి, దీవి అవతలి నుంచి రావాలి. అప్పుడు అదే దూరానికి రెట్టింపు టైము.

పొగమంచు పట్టిన రోజు ఈ లెక్కలేవీ పనికిరావు. మా విమానం ఉండేది కిర్క్‌వాల్‌లో. అక్కడి నుంచి వెస్ట్రేకు పావుగంట. మొదటి ఏడాది ఒక పొద్దున పాపా బడికి వెళ్ళాల్సిన టీచరమ్మ, నేనూ కిటికీలోంచి తెల్లటి గోడ చూస్తూ మూడు గంటలు కూర్చున్నాం. ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దుకుంది. నేను టీ తాగాను.

పాపాలో జనం వందమంది కూడా లేరు. డాక్టరు, టీచరు, కిర్క్‌వాల్ ఆసుపత్రికి వెళ్ళే పెద్దవాళ్ళు, వీళ్ళే మా ప్రయాణికులు. బరువు చూసి ఎవరెక్కడ కూర్చోవాలో చెబుతాం. కో-పైలట్ లేడు కాబట్టి నా పక్క సీటు కూడా ప్రయాణికుడిదే. ఒక్కోసారి అక్కడ కూర్చున్న ముసలాయన గాలి ఎటు మళ్ళుతుందో నాకంటే ముందే చెప్పేవాడు.

గంటలు పోగవడం మాత్రం కష్టం. నా బ్యాచ్‌మేటు హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఒక్కసారి వెళ్తే లాగ్‌బుక్‌లో నాలుగు గంటలు పడతాయి. అన్ని గంటలకు నేను ఈ రూటులో 120 సార్లు లేచి దిగాలి. చెయ్యి ఎవరిది తిరుగుతుందో మీరే చెప్పండి.

టూరిస్టులు 53 సెకన్ల రికార్డు కోసం వచ్చి, దిగిన విమానంలోనే వెనక్కి పోతారు. మీరొస్తే అలా చెయ్యకండి. పాపా పడమటి ఒడ్డున న్యాప్ ఆఫ్ హావర్ అనే రాతి ఇళ్ళు ఐదువేల ఏళ్ళకు పైగా నిలబడి ఉన్నాయి. అవి చూసి, తర్వాతి విమానానికి రండి.