నీటిపై బుడగలు

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు పోవు త్రోవలో మంగమారిపేట యను జాలరిపల్లె కలదు. అచట సముద్రపుటలలు తొలిచిన సహజ శిలాతోరణమును మీలో కొందరు చూచియుందురు. 2018 ఫిబ్రవరిలో ఆ ప్రాంతపు రాతిగట్టునుండియే మా తమ్ముని కుమారుడు సముద్రములో మునుగుటకు పూనుకొనెను. పడవతో పనిలేదు. వీపున గాలి సిలిండరు తగిలించుకొని ఒడ్డునుండియే దిగవలెను.

మొదటి దినమున వాని గురువుగారు అరగంటసేపు అలలను చూచి, "నేడు వలదు" అని మరలించిరి. పిల్లవాడు మూతి ముడుచుకొనెను. నాకు మాత్రము ఆయనపై గౌరవము కలిగెను. నాచు పట్టిన రాళ్లపై కెరటము విసరికొట్టినచో ఎంతటి ఈతగాడైనను నిలువలేడు. పెద్ద కెరటములు వచ్చిపోయిన పిదప దొరకు కొలది నెమ్మదిలోనే దిగవలెను, ఎక్కుటయు అట్లే.

మరునాడు దిగిరి. 10 మీటర్ల లోతున ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపగును. అచట పీల్చిన గాలి పైకి వచ్చుకొలది వ్యాకోచించును. ఊపిరి బిగబట్టి పైకి వచ్చినచో ఊపిరితిత్తులు చిరుగవచ్చును. ఈ సంగతిని వానిచే ఎన్నిమారులు వల్లెవేయించితినో! పంతులు బుద్ధి యెక్కడికి పోవును?

గట్టుపై కూర్చుండి, నీటిపైకి వచ్చు బుడగలను చూచుచుంటిని. ఒకమారు అవి కనబడలేదు. నురుగులో కలిసియుండునని తెలిసియు, నా చేతికఱ్ఱ వణకెను.

తుదకు తల పైకెత్తి, "పెదనాన్నగారూ, రాయి గీరుకొని వ్రేలు తెగినది. లోపల నెత్తురు ఆకుపచ్చగా కనబడినది!" అని కేకవేసెను. నీరు ఎఱ్ఱని కాంతిని ముందుగా మ్రింగివేయును గదా! వాడు ఒడ్డెక్కగానే నా ఉత్తరీయపు కొనను వ్రేలికి చుట్టితిని. అది ఎఱ్ఱబడెను.