పురిటి గదిలో ఫోటో షూట్

మొన్న మే నెలలో మా ఇంట్లో ఓ ప్రాజెక్టు నడిచింది. క్లయింటు బరువు రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. రిక్వైర్‌మెంట్సు చెప్పదు, మీటింగులో నిద్రపోతుంది, నచ్చకపోతే మాత్రం వీధి చివరిదాకా వినబడేలా ఎస్కలేట్ చేస్తుంది. ఇంతకీ విషయమేంటంటే, మా పాపకి ఇంట్లోనే ఫోటో షూట్ చేయించాలని నాకు బుద్ధి పుట్టింది.

దీనికి మూలం ఆఫీసులో నా పక్క సీటు అబ్బాయి. ఆర్నెల్ల క్రితం వాళ్ళ బాబు ఫోటోలు చూపించాడు. వెదురు బుట్టలో మెత్తటి గుడ్డ, నెత్తిన ఊలు టోపీ, గడ్డం కింద రెండు చేతులు పెట్టుకుని నిద్రపోతున్న పసివాడు. చూస్తే ముచ్చటేసింది. మరి మా పాపవో? పుట్టిన మూడో రోజుకే పచ్చకామెర్లన్నారు. రెండు రోజులు నీలం లైటు కింద, కళ్ళకి గంతలు కట్టి పడుకోబెట్టారు. అద్దంలోంచి నేను ఫోనులో తీసిన ఆ ఒక్క ఫోటోయే అందరికీ వెళ్ళింది. దాన్ని చూసినప్పుడల్లా కడుపులో దేవినట్టుండేది. ఆ ఫోటో మీద ఇంకో మంచి ఫోటో పెట్టి మూసెయ్యాలని నా తాపత్రయం. అంతే.

తొలి కాన్పు కాబట్టి మా ఆవిడ రాజమండ్రిలో పుట్టింట్లో ఉంది. నేను హైదరాబాదు నుంచి రెండు వారాల సెలవు, ఒక లాప్‌టాప్ పట్టుకుని దిగాను. సాఫ్ట్‌వేరువాడికి భయమేసినా, ప్రేమొచ్చినా చేసే పని ఒకటే కదా... ఎక్సెల్ షీట్ తెరిచాను.

నేను చదివి తెలుసుకున్నవి కొన్ని చెప్తాను, ఎవరికైనా పనికొస్తాయి. ఇలాంటి ఫోటోలు మామూలుగా అయిదో రోజు నుంచి పద్నాలుగో రోజు లోపల తీస్తారు. అప్పటికి పిల్లలు రోజుకి పదహారు గంటల దాకా నిద్రపోతారు, కడుపులో ముడుచుకున్నట్టే ఇంకా ముడుచుకుని ఉంటారు. తర్వాత కాళ్ళు చాపడం, మెలకువగా ఉండటం, ఏడుపు పెరుగుతాయి. పాలు కడుపు నిండా తాగి, తేనుపు వచ్చాక మొదలుపెట్టాలి. ముట్టుకునేవాళ్ళంతా సబ్బుతో చేతులు కడుక్కోవాలి, జలుబూ దగ్గూ ఉన్నవాళ్ళు గదిలోకి రాకూడదు. గది వెచ్చగా ఉండాలి, ఇరవై ఏడు డిగ్రీల పైన పెట్టండి, హీటరు తెచ్చుకోండి అని రాశారు. మే నెలలో రాజమండ్రికి ఆ హీటరు దేవుడే ఉచితంగా ఇచ్చాడు :) ఇక్కడ గొడవంతా వేడి ఎక్కువ కాకుండా చూసుకోవడమే. ఏసీ గాలి నేరుగా తగలకూడదు, అలాగని ఊలు టోపీలు, నాలుగు పొరల గుడ్డలూ చుట్టకూడదు.

తారీఖు దగ్గర అత్తగారు అడ్డుపడ్డారు. "పురుడు వెళ్ళకుండా ఫోటోలేంటి బాబూ!" మా ఆవిడ వాళ్ళ అమ్మమ్మగారైతే ఇంకో అడుగు ముందుకేసి, పసిపిల్లని ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుద్ది అన్నారు. చివరికి పదకొండో రోజు పురుడు, పన్నెండో రోజు పొద్దున్న షూట్ అని సంధి కుదిరింది. బుగ్గ మీద దిష్టి చుక్క మాత్రం చెరపకూడదన్నది ఆవిడ షరతు. నేనొప్పుకున్నాను.

ఫోటోగ్రాఫరు ఊళ్ళో పెళ్ళిళ్ళు తీసే ఆయనే. బేబీ ప్యాకేజీ పద్దెనిమిది వేలు, అడ్వాన్సు అయిదు వేలు. శాంపిల్స్‌లో ఒక ఫోటో చూశాను. పిల్ల మోచేతులు ఆనించి, అరచేతుల్లో గడ్డం పెట్టుకుని కప్పలా కూర్చుని నిద్రపోతోంది. నెల కూడా నిండని పిల్లకి మెడ నిలవదు కదా, ఎలా కూర్చుందా అని ఆరా తీశాను. నిజానికి ఆ పిల్ల అలా కూర్చోదు. ఒక ఫోటోలో తల పట్టుకుంటారు, ఇంకో ఫోటోలో మణికట్లు పట్టుకుంటారు. తర్వాత రెండూ కలిపి చేతులు చెరిపేస్తారు. ఒక్క క్షణం కూడా పిల్లని వదలకూడదు. ఇదే ఆయన్ని అడిగితే, "కంగారు పడకండి సార్, మా కుర్రోడు తల పట్టుకుంటాడండీ, తర్వాత ఎడిటింగులో చెయ్యి తీసేత్తామండి" అన్నాడు.

"ఇంతకు ముందు ఇంత చిన్నపిల్లలకి చేశారా?"

"బారసాలలు శానా చేసామండి."

బారసాల అంటే ఇరవై ఒకటో రోజు, ఉయ్యాల్లో పడుకున్న పిల్లని తియ్యడం. ఇది వేరు. ఆ పోజు వద్దని షీట్‌లో ఎర్ర రంగు వేశాను. బుట్టలో గుడ్డలు ఉతికినవేనా అని కూడా అడిగాను. ఆయన కాస్త నొచ్చుకున్నాడు. పర్లేదు అనుకున్నాను.

పదకొండో రోజు రాత్రి రెండింటికి పాప లేచింది. మా ఆవిడ పాలు పడుతూ, "అంత సేపు ఏం టైపు చేస్తున్నావు, చూపించు" అంది. గర్వంగా చూపించాను. ముప్ఫై నాలుగు వరసలు. కిటికీ, కర్టెన్లు, గుడ్డలు, నాప్‌కిన్లు, ఇన్వర్టరు, అన్నీ ఉన్నాయి. కిందిదాకా చూసి, "ఇందులో నేనెక్కడున్నాను?" అంది.

"పన్నెండో వరసలో."

పన్నెండో వరస: షూట్‌కి అరగంట ముందు పాలు పట్టడం. పక్కన 'ఓనర్' అన్న కాలమ్‌లో తన పేరు.

నవ్వుతోందనుకున్నాను. చూస్తే భుజాలు కదులుతున్నాయి, ఏడుస్తోంది. "ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ పాపని చూస్తారు, నా వంక తిరిగి పాలు సరిపోతున్నాయా అంటారు, వెళ్ళిపోతారు. నాకు కుట్లున్నాయి. లేచి కూర్చోడానికే అయిదు నిమిషాలు పడుతోంది. రేపు మూడు గంటలు ఎవరో ఇద్దరు ఈ గదిలో ఉంటారంటే నాకెలా ఉంటుందో అడిగావా? ఎవరి కోసం ఈ ఫోటోలు?"

నా దగ్గర జవాబు లేదు. నిజంగా అడగలేదు. గది ఉష్ణోగ్రత గురించి ఆలోచించినవాణ్ణి, ఆ గదిలో ఉన్న బాలింత గురించి ఆలోచించలేదు. పొద్దున్నే ఫోటోగ్రాఫరుకి ఫోన్ చేసి వద్దన్నాను. అడ్వాన్సు వెనక్కి ఇవ్వనన్నాడు, బారసాలకి సర్దుతానన్నాడు. తప్పు నాది కాబట్టి సరేనన్నాను.

కాఫీ తాగుతుంటే అత్తగారు లోపల్నుంచి ఒక పాత ఆల్బమ్ తెచ్చారు. రాత్రి ఏడుపు ఆవిడకీ వినబడినట్టుంది, ఏమీ అనలేదు. మా ఆవిడ ఏడాది లోపు పిల్లగా ఉన్నప్పటి ఫోటో అదొక్కటేనట. స్టూడియోలో, ఎర్ర కర్టెన్ ముందు, స్టూలు మీద కూర్చుంది. నడుం పక్కన, కర్టెన్ మడతల్లోంచి ఒక చెయ్యి. ఆకుపచ్చ గాజులు.

"ఆ చెయ్యి నాదే బాబూ. కనపడకుండా వెనకనుంచి పట్టుకోమన్నాడు స్టూడియో అతను. దాని చిన్నప్పుడు మేమిద్దరం కలిసున్న ఫోటో అంటే ఇదే."

తర్వాత వెతికితే తెలిసింది, ఇది మన స్టూడియోల అలవాటొక్కటే కాదు. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో, అమెరికాలో కూడా పిల్లల ఫోటోలు ఇలాగే తీసేవాళ్ళట. అప్పట్లో ఒక్క ఫోటోకి కొన్ని సెకన్లపాటు కదలకుండా ఉండాలి. అందుకని తల్లులు పిల్లని ఒళ్ళో పట్టుకుని నెత్తిన దుప్పటో, తెరో కప్పుకునేవాళ్ళు. చూసేవాళ్ళకి అదొక కుర్చీ అనిపించాలి. ఇప్పుడు దుప్పటి అక్కర్లేదు, సాఫ్ట్‌వేరు ఉంది. "ఎడిటింగులో చెయ్యి తీసేత్తామండి." ఆ సాఫ్ట్‌వేరు రాసేది మనలాంటివాళ్ళమే :(

ఇంకోటి కూడా చదివాను. పుట్టిన పిల్లలకి ఓ అడుగు దూరం లోపల ఉన్నవే కాస్త తెలుస్తాయట, ఆపైన అంతా మసకే. పాలు తాగేటప్పుడు తల్లి ముఖం ఉండేది ఆ దూరంలోనే. అంటే మా పాప ఇప్పటిదాకా అందరికన్నా బాగా చూసిన ముఖం ఒకటుంది. నా షీట్‌లో లేనిదల్లా అదే.

ఆ రోజు ఏమీ చెయ్యలేదు. పదమూడో రోజు పొద్దున్న స్నానాలయ్యాక, సాంబ్రాణి పొగ తగ్గాక, మా ఆవిడే "ఫోన్ తెచ్చుకో, నా ముఖం మాత్రం వద్దు" అంది. సరే అన్నాను.

మా ఏర్పాట్లు ఇవి. ఎండ నేరుగా పడని ఉత్తరం వైపు కిటికీ. ట్యూబ్‌లైటు ఆపేశాం, రెండు రకాల వెలుగులు కలిస్తే ఒంటి రంగు పాడవుతుంది. ఫ్లాష్ లేదు. కిటికీకి ఎదురుగా కుర్చీ మీద మామగారి తెల్ల పంచె ఆరేస్తే, రెండో వైపు నీడ తగ్గి ముఖం మెత్తగా పడింది. మంచం మధ్యలో పాత చీర పొత్తిళ్ళు. నేను మోకాళ్ళ మీద కూర్చుని పాప ఎత్తుకి ఫోన్ దించాను. నిలబడి పైనుంచి తీస్తే అన్నీ ఒకేలా వస్తాయి. ఫోన్ పాప పైన పట్టుకోకూడదు కూడా, చెయ్యి జారితే ఇంకేమైనా ఉందా!

పాప రెండుసార్లు తడిపింది, ఒకసారి పాలు కక్కింది. కరెంటు పోయింది. అమ్మమ్మగారు దిష్టి చుక్క బుగ్గ మీద ఒకటి, అరికాల్లో ఒకటి, రూపాయి బిళ్ళంత పెట్టారు. మొదట చేతులు మాత్రమే తీశాను. అరచేతిలో వేలు పెడితే పసిపిల్లలు గట్టిగా పట్టుకుంటారు, మా ఆవిడ చూపుడు వేలు అలా పట్టుకుంది. కాసేపటికి పాప కళ్ళు తెరిచి తన వంకే చూసింది. మా ఆవిడ తల ఎత్తకుండానే, "ఇప్పుడు తియ్యి" అంది.

తీశాను. నైటీ, భుజం మీద తువ్వాలు, చెవుల్లో దూది, కళ్ళ కింద నలుపు, ఆరని జుట్టు. కుడి పక్కన పాప గుడ్డ సర్దుతూ అత్తగారి చెయ్యి అడ్డొచ్చింది, కొంచెం కదిలింది కూడా.

ఫోటోగ్రాఫర్లని పిలవొద్దని నేననటం లేదు. చంటిపిల్లలతో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్ళు బాగా తీస్తారు. పిలిచేముందు మూడు అడగండి: ఇంత చిన్నపిల్లల్ని ఎంతమందిని తీశారు, తల ఎవరు పట్టుకుంటారు, గుడ్డలు ఉతికారా. నాలుగోది ఇంట్లో అడగాలి, అన్నిటికన్నా ముందు అడగాలి: "నీకు ఓపిక ఉందా? నువ్వు ఫోటోలో ఉంటావా?" వద్దంటే వద్దు. పద్నాలుగో రోజు దాటితే కొంప మునగదు, పిల్ల మేలుకుని ఉన్నప్పుడు తీసుకోవచ్చు.

ఆ సాయంత్రం మా నాన్నకి ఫోటో పంపాను. వెంటనే ఫోన్ చేశారు. "పాప బావుందిరా. కోడలు పాపం బాగా చిక్కింది. అవునూ, ఆ పక్కన అడ్డంగా చెయ్యేంటి? అది కట్ చేసి పంపు, ఫ్రేము కట్టిద్దాం."

కట్ చెయ్యలేదు. ఆ చెయ్యి ఎవరిదో చెప్పి, అలాగే ఫ్రేము కట్టించమన్నాను.