రీషూట్ ఎందుకు చేశామంటే

మా షార్ట్ ఫిలిం గురించి తెలిసిన ప్రతి ఒక్కరూ అడిగిన మాట ఒకటే: "ఎడిటింగ్ కూడా అయిపోయాక మళ్ళీ నెల్లిమర్ల ఎందుకు వెళ్ళార్రా?" అందరికీ నేను చెప్పిన జవాబు కూడా ఒకటే: "ట్యూబ్‌లైట్ బ్యాండింగ్ వచ్చింది." అది అబద్ధం కాదు. అలాగని అసలు కారణమూ కాదు.

కథ చాలా చిన్నది. జ్యూట్ మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన గడిపే ఒక రోజు. నటించింది మా కెమెరామన్ వాళ్ళ తాతయ్య. ఆయన నిజంగానే స్పిన్నింగ్‌లో పనిచేసిన మనిషి. 'కేరాఫ్ కంచరపాలెం'లో ఆ ప్రాంతం వాళ్ళే నటించి మెప్పించారు కదా, మనమూ చెయ్యొచ్చు అన్న ధైర్యం మాది. డైలాగులు నేనే రాశాను, అచ్చం పేపర్ భాషలో. "ఈ మాటలు నాను పలకలేను బావూ" అన్నారాయన. సరే, మాటలు తీసేసి చూపులతో నడిపిద్దాం అనుకున్నాను.

చూపులతో ఎంత మోసం చెయ్యొచ్చో ఎడిటింగ్‌లో తెలిసింది. సుమారు వందేళ్ళ క్రితం రష్యాలో లెవ్ కులెషోవ్ అనే ఆయన ఒక నటుడి ముఖం షాట్ పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక పెట్టి చూపించాడు. ముఖం అదే. చూసినవాళ్ళకి మాత్రం ఒకసారి ఆకలి, ఒకసారి దుఃఖం కనిపించాయట. నేనూ అదే పని చేశాను. తాతయ్య నిజానికి పొయ్యి మీద టీ పొంగుతుందేమోనని చూస్తున్నారు. దాని పక్కన మిల్లు గేటు పెట్టి, కింద ఫ్లూట్ వేశాను. పొగకి నీళ్ళు తిరిగిన కళ్ళు కాస్తా కన్నీళ్ళైపోయాయి. తర్వాత నెట్‌లో దొరికిన ఒక సైరన్, ఆయన తలెత్తి ఆకాశంలోకి చూడటం, ఆపైన చంపావతి ఒడ్డున సాయంత్రం. ఆ రాత్రి నా పనికి నేనే మురిసిపోయాను.

మొదటి కట్ వాళ్ళింట్లో మంచం మీద లాప్‌టాప్ పెట్టి చూపించాం. తాతయ్య ఆరు నిమిషాలూ కదలకుండా చూశారు.

"బాగుంది బావూ. మరి ఈ ముసిలోడు ఎవులు?"

ఇంట్లోవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"ఈ సైరనేటి, డూటీకా, యుద్ధానికా? అయినా సైరనింటే ఆకాశం కేసి ఎవుడు సూస్తాడు? కాళ్ళు కదుల్తాయి గానీ."

తిరిగి విజయనగరం వస్తుంటే ఆటోలో మావాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ఒక్క మాటన్నాడు: "మా తాతని చూసి జనం జాలిపడాలని తీశావురా. ఆయన ఇంతవరకూ ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు." నాకు జవాబు దొరకలేదు.

సబ్మిషన్‌కి ఇంకా నాలుగు రోజులుంది. ఆ రాత్రి టైమ్‌లైన్ మళ్ళీ తెరిచాను. వంటింటి షాట్‌లో నల్లటి చారలు పాకుతూ కనిపించాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ట్యూబ్‌లైట్ సెకనుకి 100 సార్లు మినుకుతుంది. మేం 30 ఫ్రేముల్లో, 1/60 షటర్‌తో తీశాం. రెండూ కలవలేదు. 25 ఫ్రేములు, 1/50 పెడితే చారలు పోతాయి. తప్పు దొరికినందుకు నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. పొద్దున్నే గ్రూప్‌లో పెట్టాను: "బ్యాండింగ్ వచ్చింది, రీషూట్ తప్పదు."

వెళ్ళేసరికి ఇంకో చిక్కు. ఇంట్లో పెళ్ళి ఉందని తాతయ్య జుట్టుకి రంగేసుకున్నారు. కంటిన్యుటీ గోవిందా. "తల కనపడకపోతే సరి," అని మావాడు ఫోన్‌ని నేల మీద, మంచం పక్కన పెట్టాడు. నేను యాక్షన్ చెప్పలేదు. "మార్నింగ్ షిఫ్టుకి ఎలా లేచేవారు తాతయ్యా?" అని మాత్రం అడిగాను.

కాసేపటికి రెండు కాళ్ళు నేల మీదకి దిగాయి. ఎడమ కాలు చూడకుండానే చెప్పులో దూరింది. రెండో చెప్పు మంచం కిందకి పోయింది. కుడి కాలి బొటనవేలు దాన్ని వెతికి, ముందుకి లాక్కుని, తొడుక్కుంది. కాళ్ళు నడిచి ఫ్రేములోంచి వెళ్ళిపోయాయి. మొత్తం 19 సెకన్లు.

"నిద్దట్లో కూడా ఇలగే ఎల్లిపోయేవోణ్ణి," అన్నారాయన వెనక్కి వచ్చి.

ఫ్లూట్, సైరన్, ఆకాశం, నది అన్నీ తీసేశాను. సినిమా నాలుగున్నర నిమిషాలకి వచ్చింది. ఆ 19 సెకన్లలో ఒక్క ఫ్రేము కూడా కొయ్యలేదు. ప్రైజ్ రాలేదు. కానీ రెండోసారి చూశాక తాతయ్య తెర మీద కాళ్ళకేసి వేలు చూపించి, "ఈడు నానే," అన్నారు.

బ్యాండింగ్ రాకపోయినా ఆ రీషూట్ చెయ్యాల్సిందే. ఆ సంగతి ఆటోలోనే మావాడికి చెప్పాల్సింది, షటర్ స్పీడ్ వెనకాల దాక్కున్నాను. ఈ మ్యాగజైన్ వాడు ఎలాగూ చదువుతాడు కాబట్టి ఇక్కడ చెప్తున్నాను: సారీ రా.